బీపీ పట్టీ కట్టాల్సిన చెయ్యి

అన్నీ ముందే చూసుకున్నాననే ధైర్యంతోనే శంకర్ ఆ పొద్దున సూర్యాపేట దవాఖాన గడప ఎక్కాడు. గరిడేపల్లి మండలాఫీసులో పై అధికారి మూతి ముడుచుకున్నా సరే సెలవు పెట్టాడు. ఊళ్లో ఏ మందుల షాపులోనూ లేని ఇనుము ఇంజక్షన్లను, తెలిసిన బస్సు కండక్టరును బతిమాలి హైదరాబాద్ నుంచి తెప్పించాడు. చెల్లెలు తారను, ఆమె అత్త రంగిని మోతె దగ్గరి తండాలో బస్సెక్కించి, తార దారి పొడుగునా వాంతులు చేసుకుంటున్నా ఓర్చుకుని, చెప్పిన వేళకే తీసుకొచ్చాడు. ఇన్ని చూసుకున్నవాడు ఒక్కటి చూసుకోలేదు. అది చెల్లెలి చేతులు.

తార చేతులు లంబాడీ ఇళ్లలో పెండ్లయిన ఆడవాళ్ల చేతులు ఎట్లా ఉంటాయో అట్లానే ఉన్నాయి. మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి బలియాలు, మోచేతి పైన భుజం దాకా చూడో. రెండూ గాజులే గాని రెండింటి లెక్కా ఒకటి కాదు. బలియాలు కావాలంటే తియ్యొచ్చు, మళ్లీ వేసుకోవచ్చు. చూడో పెండ్లినాడు ఎక్కితే మొగుడు పోయిన నాడే దిగాలి. శంకర్ తల్లి చేతులూ అంతే, మేనత్తల చేతులూ అంతే. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే కాబట్టి అవి అక్కడున్నాయన్న సంగతే అతని మనసుకు తట్టలేదు.

తారకు ఏడో నెల. మొదటి కాన్పులో బిడ్డ దక్కింది గాని, తార దక్కుతుందని ఎవరూ అనుకోలేదు. అంత రక్తం పోయింది. మంచంతో సహా ట్రాక్టరులో వేసి తెచ్చారు. ఆ పోయిన రక్తం తిరిగి పట్టకముందే మళ్లీ నెల తప్పింది. అరచేతులు సున్నం రాసినట్టున్నాయి. బిందె ఎత్తితే ఆయాసం. కొంగులో పచ్చి బియ్యం మూటగట్టుకుని పగలంతా నములుతుంది, బియ్యం దొరక్కపోతే బలపాలు. ఊళ్లోకి వచ్చే నర్సమ్మ ఇనుము గోలీలు ఇస్తే కొన్నాళ్లు వేసుకుంది. విరేచనం నల్లగా అయ్యేసరికి రంగి బెదిరిపోయింది. కడుపులోని పిల్ల కూడా నల్లగా అవుతుందని, పెద్దదై అడ్డం తిరుగుతుందని చెప్పి, మిగిలిన గోలీలన్నీ ఆనిగెపు తీగ మొదట్లో పాతేసింది. ఆ తీగ మాత్రం బ్రహ్మాండంగా కాసింది. ఆ సంగతి తలుచుకుంటే శంకర్‌కు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డాక్టరు అనసూయమ్మ మునుపే రక్తం పరీక్ష చూసి ముఖం మీదే చెప్పింది. ఈ రక్తంతో కాన్పుకు పోతే, మొదటిసారి పోయినదాంట్లో సగం పోయినా మనిషి మిగలదు. రక్తం ఎక్కిద్దామంటే ఇక్కడ రక్తం నిలవ లేదు. గోలీలు వేసుకోరు, వేసుకున్నా ఇప్పుడు చాలవు. బురదలో చెప్పుల్లేకుండా నాట్లు వేసి కడుపులో పురుగులు చేరాయి, వాటికి వేరే మందు ఇచ్చింది. మిగిలిన దారి ఒకటే. ఇనుమును సెలైను సీసాలో కలిపి నరానికే ఎక్కించడం. ఇప్పుడు ఎక్కిస్తే కాన్పు నాటికి ఒంట్లో రక్తం ఊరుతుంది. ఆలస్యం చేస్తే ఊరే వ్యవధి ఉండదు. ఈ పొద్దున వచ్చీ రాగానే, ఎల్లుండి నుంచి తాను సెలవులో ఉంటానని, తన వెనక వచ్చేవాళ్లు ఈ మందు జోలికి పోరని కూడా చెప్పింది.

ఈ ఒక్క రోజుకు రంగిని ఒప్పించడానికి శంకర్ ఎన్ని ఆదివారాలు తండా చుట్టూ తిరిగాడో అతనికే తెలుసు.

సిస్టర్ ఆండాళు తారను మంచం మీద పడుకోబెట్టింది. ఆమెది కోదాడ. మాటలో కొంచెం కృష్ణ అవతలి యాస ఉంటుంది. ఎడమ చేతి బలియాలు తియ్యాలంటే రంగి ఏమీ అనలేదు. సబ్బు నీళ్లు తెప్పించుకుని తానే ఒక్కొక్కటీ లాగి కొంగులో కట్టుకుంది. ఆ చేతికి సూది గుచ్చి నరం పట్టడం కూడా అయింది. అప్పుడు ఆండాళు బీపీ పట్టీ తీసుకుని కుడి పక్కకు వచ్చింది.

"పైవి కూడా తియ్యాలమ్మా. పట్టీ అక్కడే కట్టాలి."

రంగి లేచి తార భుజం పట్టుకుంది. "లెవ్వే తారా. ఇంటికి పోదాం పా," అంది.

శంకర్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల పట్టుకున్నాడు. పట్టీని మోచేతి కింద కట్టరాదా అని సిస్టర్‌ను అడిగాడు. కాలికి కడితే ఏమవుతుందన్నాడు. గాజుల మీదనే బిగించి చూడమన్నాడు. వేటితోనూ లెక్క సరిగా రాదంది ఆండాళు. చివరికి బీపీ చూడకుండానే ఎక్కించమన్నాడు. ఆ మాట వినే అనసూయమ్మ లోపలికొచ్చింది.

"ఏమయ్యా, నువ్వు డిగ్రీ చదివినవంటివి గదా. ఈ మందు కొందరికి పడది. పడకుంటే ఊపిరాడది, బీపీ దభాల్న పడిపోతది. ముందు జరంత ఎక్కిచ్చి చూసి, గంట సేపు కనిపెట్టుకుని, అప్పుడు సీసా పెడత. ఆ గంటల బీపీ పడ్డదో లేదో నాకెట్ల తెలవాలె? ఈ అత్త మొకం చూసి చెప్పాల్నా?"

శంకర్ రంగి వైపు తిరిగాడు. తండాలో బతిమాలినట్టు బతిమాలాడు, తర్వాత గొంతు పెంచాడు. ప్లాస్టిక్ గాజులకు, ఎక్కడో లారీ తోలుతున్న మొగుడికి ఏం సంబంధమని అడిగాడు. రాత్రికల్లా మళ్లీ తొడగొచ్చు గదా అన్నాడు. పక్క మంచాల వాళ్లు నొప్పులు మరిచిపోయి వింటున్నారు.

రంగి అరవలేదు. "నా కొడుకు రోడ్డు మీదున్నడు శంకరా," అంది. "రోడ్డు మీదున్నోని పెండ్లాం చూడో నేను తియ్య. నువ్వు సదువుకున్నవ్, నీకు గివన్నీ లెవ్వు. నాకున్నయి."

"మరి తార సస్తే?"

"నా లింగ్యాను పట్టుకరా. నా కండ్ల ముంగట కూసోబెట్టు. అప్పుడు తియ్యి."

అనసూయమ్మ గడియారం చూసుకుంది. సీసా పూర్తయ్యేసరికి సాయంత్రం దాకా పడుతుందని, అంతసేపూ తాను దగ్గరుండాలని చెప్పింది. ఇవాళ్టికి పిల్లను ఇక్కడే ఉంచండి, రేపు పొద్దున పదింటిలోపల ఆ లింగ్యాను తెస్తారో గాజులే తీస్తారో మీ ఇష్టం, పది దాటితే మాత్రం మొదలుపెట్టను అంది. తార మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ పచ్చి బియ్యం నములుతోంది. అందరూ ఆమె చేతి గురించి మాట్లాడుకుంటున్నారు గాని ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

శంకర్ ఎస్టీడీ బూత్‌కు ఉరికాడు. లింగ్యా నడిపేది మిర్యాలగూడలో రైసు మిల్లున్న దామోదర్ రెడ్డి లారీ. పాలకీడు వైపు భూములున్న ఆసామి, ఈ మధ్య రాజకీయాల్లో కూడా తిరుగుతున్నాడు. ఫోనెత్తిన మిల్లు గుమాస్తా, లారీ పొద్దున్నే కోదాడ పోయిందని చెప్పాడు. శంకర్ కోదాడ బస్సెక్కాడు. ఆ బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగింది, ఊరు లేని చోట కూడా ఆగింది. కోదాడలో బియ్యం దుకాణం సేటు పళ్లు కుట్టుకుంటూ, "ఇప్పుడే వెళ్లాడండీ మీ వాడు. ఒక్క అడుగు ముందొచ్చుంటే దొరికేవాడు," అన్నాడు. ఎటు వెళ్లాడంటే, హుజూర్‌నగర్ మీదుగా మళ్లీ మిర్యాలగూడకే. పొద్దున సూర్యాపేట నుంచి తిన్నగా మిర్యాలగూడకే పోయి కూర్చున్నా లింగ్యా తనంతట తానే వచ్చి ఎదురుపడేవాడన్న మాట. ఆ ఆలోచన వచ్చినందుకు శంకర్‌కు తన మీద తనకే కోపం వచ్చింది.

మిర్యాలగూడ బస్సు అప్పుడే వెళ్లిపోయింది. ఆ రోజు అన్నీ అప్పుడే వెళ్లిపోతున్నాయి. గడ్డి లారీ ఒకటి ఆపి, గడ్డి మీదే ఎక్కి, ఒంటి నిండా దురదతో పొద్దు వాలే వేళకు మిల్లు చేరాడు.

లింగ్యా లారీ కింద నీడలో గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. తెల్లారే లోడింగు ఉంది. శంకర్ చెప్పిందంతా పడుకునే విన్నాడు.

"తియ్యుండ్రి బావా. నేనేమన్న అద్దంటినా?"

"ఆ ముక్క మీ అమ్మకొచ్చి చెప్పు."

"నేనొస్తే లోడు ఎవ్వడు తోలాలె? రెడ్డి ఊకుంటడా? నువ్వే సమజ్‌జేసి చెప్పరాదు. సదువుకున్నోనివి."

ఆ పొద్దున్నుంచి ఈ చదువు మాట వినడం శంకర్‌కు ఎన్నోసారో. అతనికి ఒక్కసారిగా తిక్క రేగింది. చదువుకున్నవాడైతే గాజులు మాయం చేస్తాడా అని అరిచాడు. నీ పెండ్లానికి నువ్వే దిక్కు లేకుంటే నేనెందుకు గడ్డి మీద కూర్చుని ఊళ్లు తిరగాలన్నాడు. నీ తల్లి మొండితనానికి నా చెల్లె బలైపోవాలా అన్నాడు.

లింగ్యా లారీ కిందనుంచి బయటికొచ్చి టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. బీడీ ముట్టించి, రెండు దమ్ములు పీల్చి ఆర్పేశాడు.

"మా బిచ్చన్న సంగతి నీకెర్కే గదా," అన్నాడు.

శంకర్‌కు తెలుసు. లింగ్యా అన్న బిచ్చా కూడా లారీ డ్రైవరే. మునగాల దగ్గర లారీ బోల్తా పడి పోయాడు. అప్పుడు శంకర్ నల్లగొండ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పరీక్షలని రాలేదు.

"సచ్చిపోయిండని కబురొచ్చింది. తండ అంత జమైంది. ఆలిస్యం జెయ్యద్దని ఎవ్వలో తొందరవెట్టిండ్రు. మా వదినె చూడో మా అమ్మనే తీసింది, ఆమె చేతులతోని. తీసినంక తెల్సింది, అన్న ఖమ్మం దవాఖానల ఇంక పానంతోనే ఉన్నడని. అందరం ఉరికినం. మేం పొయ్యేసరికి ఖతం." లింగ్యా నేల వైపు చూస్తూ చెప్పాడు. "నేను తీసినందుకే పోయిండని మా అమ్మ అంటది. నాతోనొక్కనితోనే అంటది."

శంకర్‌కు మళ్లీ కోపమే వచ్చింది. "గీ మాట నాకెందుకు చెప్పలె? నెలలకొద్ది తిరిగిన మీ ఇంటి సుట్టు."

"నువ్వు గోలీల గురించే అడిగినవ్ బావా. మా అమ్మ గురించి ఎన్నడడిగినవ్?"

శంకర్ లేచి దామోదర్ రెడ్డి దగ్గరికి పోయాడు. రెడ్డి ముందు నవ్వాడు. మీ ఆడోళ్ల గాజుల కోసం నా బియ్యం ఆగాల్నా అన్నాడు. శంకర్ నిలబడే ఉన్నాడు. మనిషి పోతే లోడు ఆగదా అని మాత్రం అడిగాడు. రెడ్డి విసుక్కుని, ఇంకో డ్రైవరు మంగ్త్యాను కేకేసి లోడు అతనికి అప్పజెప్పాడు. చేసేది చేసి కూడా తిట్టుకుంటూనే చేశాడు.

లింగ్యా ముఖం కడుక్కుని వచ్చి, సూర్యాపేట పోయే లారీ ఒకటి ఇప్పుడే కదులుతోందని, అందులో పోదామని అన్నాడు.

"లారీ అద్దు," అన్నాడు శంకర్. "పొద్దుగాల మొదటి బస్సుకు పోదాం."

అన్నాక ఆ మాట తనకే వింతగా వినిపించింది. లింగ్యా అతని ముఖంలోకి చూసి నవ్వాడు.

"నువ్వు గూడనా బావా."

మొదటి బస్సు ఆలస్యంగా వచ్చింది. దారిలో టైరు పంక్చరు అయింది. టైరు మార్చడం చేతగాని డ్రైవరును పక్కకు జరిపి లింగ్యానే మార్చాడు. దవాఖాన గేటు దగ్గర శంకర్ గడియారం చూసుకోలేదు. చూసుకుంటే పరుగెత్తలేనేమో అనిపించింది.

అనసూయమ్మ వరండాలోనే నిలబడి ఉంది. "నడువుండ్రి, నడువుండ్రి," అని మాత్రం అంది.

రంగి కొడుకును చూసి కండ్లనీళ్లు పెట్టుకోలేదు, పలకరించలేదు. లింగ్యా మెడ మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని భుజం మీదికి, అక్కణ్నుంచి మోచేతి దాకా దించింది, సంతలో గొడ్డును చూసినట్టు. తర్వాత మంచం పక్కన స్టూలు చూపించింది.

"కూసో. లెవ్వకు."

"చాయ్ తాగొస్త యాడీ," అన్నాడు తల్లితో.

"చాయ్ లేదు, ఏం లేదు. కూసో."

కుడి చేతి బలియాలు లింగ్యానే తీశాడు. తర్వాత చూడో. నీరు పట్టిన చెయ్యి, మోచేతి దగ్గర గాజు బిగిసిపోయింది. ఆండాళు సబ్బు నురుగు రాసి, "మెల్లగా బాబూ, మెల్లగా," అంటూ తార చెయ్యి పైకెత్తి పట్టుకుంది. తార పళ్లు బిగించింది. మొదటిది దిగింది. దాని కింద ఎండ తగలని చర్మం వేరే మనిషిది లాగా తెల్లగా ఉంది. రంగి ఆ చెయ్యి చూడలేదు. కొడుకు ముఖమే చూస్తోంది, రెప్ప వేస్తే ఎక్కడ మాయమవుతాడో అన్నట్టు.

దిగిన గాజులు ఎక్కడ పెట్టాలన్న పేచీ వచ్చింది. కింద పెట్టొద్దంది రంగి. మంచం మీద వద్దంది. శంకర్ చేతికి ఇవ్వబోతే అసలే వద్దంది. లింగ్యా విసుగెత్తి, సబ్బు నురుగు మీదుండగానే వాటిని తన చేతికి ఒక్కొక్కటీ దూర్చుకున్నాడు. బక్క మనిషి కాబట్టి మణికట్టు దాటి మోచేతి కింద దాకా పోయి ఆగాయి. పక్క మంచం ముసలామె పకపకా నవ్వింది. లింగ్యా సిగ్గుపడలేదు గాని, ఖాకీ చొక్కా చెయ్యి ఎంత లాగినా అవి కప్పుకోలేదు.

ఆండాళు పట్టీ కట్టింది. అనసూయమ్మ మందు కొద్దిగా ఎక్కించి స్టెతస్కోపు చెవుల్లోనే ఉంచుకుని కూర్చుంది. ఆ గంట సేపు శంకర్ వరండాలో తిరిగాడు, లోపలికొచ్చాడు, మళ్లీ తిరిగాడు. ఆయాసంగా ఉందా అని చెల్లెల్ని అడిగాడు. దురద పెడుతోందా అని అడిగాడు.

"భియా, నువ్వు జర కూసో," అంది తార. "నిన్ను చూస్తేనే ఆయాసం వస్తున్నది."

బీపీ పడిపోలేదు. ఇనుము కలిపిన సీసాను స్టాండుకు వేలాడదీశారు. చిక్కటి డికాషన్ రంగు. రంగి దాన్ని కాసేపు చూసి, గీ చాయ్‌కా ఇంత రభస అంది. చుక్క చుక్కగా దిగుతుంటే మధ్యాహ్నమయింది, ఎండ కిటికీ దాటిపోయింది. లింగ్యా ఒకసారి లేవబోయాడు. రంగి వాడి చొక్కా పట్టుకుంది. ఇక ఆగదన్నాడు. అయితే రంగి కూడా లేచి వాడి వెంట దొడ్డిదాకా పోయి, బయట నిలబడి, మళ్లీ తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆండాళు మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకుంది.

సాయంత్రానికి సీసా అయిపోయింది. సూది తీశారు. శంకర్ గట్టిగా ఊపిరి వదిలి, చెప్పులు వేసుకుని, తండా పోయే ఆఖరి బస్సు గురించి అడగబోతున్నాడు. అప్పుడు అనసూయమ్మ మాత్రల చీటీ రాస్తూ, నెలకోసారి వచ్చి బీపీ చూపించుకోవాలని, కాన్పు కూడా ఇక్కడే కావాలని, ఆ రోజు కూడా పట్టీ కట్టాల్సిందేనని చెప్పింది.

శంకర్ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. కోదాడ, గడ్డి లారీ, దామోదర్ రెడ్డి, పంక్చరైన టైరు, అన్నీ మళ్లీ కండ్ల ముందు కట్టాయి. నెలకోసారి. ఆ పైన కాన్పు నాడు, నొప్పులు ఏ వేళకు వస్తాయో, లింగ్యా ఏ రోడ్డు మీద ఉంటాడో. అతనికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. రంగి అప్పటికే కొడుకు చేతి నుంచి గాజు లాగడం మొదలుపెట్టింది, కోడలికి తొడగడానికి.

తార లేచి కూర్చుంది. కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని, ఆ తెల్లటి చర్మాన్ని రెండో చేత్తో రుద్దుకుంటోంది.

"ఉండనియ్యి యాడీ," అంది.

రంగి ఆగింది.

"కాన్పయ్యేదాక ఆయన చేతికే ఉండనియ్యి. నాది నా మొగనితోనే ఉంటది. ఆయన యాడికి పోతే గాడికి పోతది. నాకు నెలకొకసారి సబ్బు రుద్దుకునుడు శాతగాదు."

"లారీ గిట్లనే తోలాల్నా?" అన్నాడు లింగ్యా. "రెడ్డి నవ్వుతడు. మిల్లంత నవ్వుతది."

"నవ్వనియ్యి," అంది తార. "నేను సస్తె నవ్వుతరా?"

ఈ రెండు రోజుల్లో శంకర్ చెప్పని మాట లేదు, తిరగని దారి లేదు. చెల్లెల్ని మాత్రం ఒక్క ముక్క అడగలేదు.

రంగి కొడుకు చేతికేసి చాలాసేపు చూసింది. మునగాల మీదుగా, కోదాడ మీదుగా రాత్రనకా పగలనకా తిరిగే చెయ్యి. సగం దాకా లాగిన గాజును మళ్లీ మోచేతి వైపు నెట్టింది. తర్వాత లేచి, దండెం మీద ఆరేసిన తన తువ్వాలు తెచ్చి, గాజులు కనబడకుండా ఆ చేతికి చుట్టి ముడివేసింది.

"గట్టిగ కట్టిన," అంది. "ఊడదు. ఇగ బస్సు చూడు శంకరా."